చంద్రుడి మీద సెకను పొట్టిదా? సాపేక్షత, గడియారాలు, కొలమానాల అసలు అర్థం

2024 ఏప్రిల్‌లో అమెరికా అధ్యక్ష భవనం నాసాకు ఒక పని అప్పగించింది. చంద్రుడి కోసం ప్రత్యేకంగా ఒక ప్రామాణిక కాలాన్ని 2026 చివరికల్లా సిద్ధం చేయాలన్నది ఆ ఆదేశం. చంద్రుడి మీదున్నవారి లెక్కలో భూమి మీది గడియారం రోజుకు సగటున 58.7 మైక్రోసెకన్లు వెనకబడుతుందని అందులో రాశారు. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. అదే ఏడాది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌కు చెందిన శాస్త్రవేత్తలు ఇదే తేడాను 56 మైక్రోసెకన్లుగా లెక్కగట్టారు. వార్తల్లో ఒకచోట ఒక అంకె, ఇంకోచోట ఇంకో అంకె కనిపించాయి. చదివినవారికి వచ్చే సందేహాలు సహజమైనవే. ఇందులో ఏది సరైనది? చంద్రుడి మీద సెకను నిజంగానే భూమి సెకను కన్నా పొట్టిదా? అలాగైతే 'సెకను' అని ఒకే కొలమానం ఉందనడానికి అర్థమేంటి?

రెండు అంకెలూ సరైనవే. సెకను మాత్రం ఎక్కడా పొట్టిది కాలేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసుగుతాయో తెలియాలంటే కొలమానానికీ (కాలాన్ని కొలిచే ప్రమాణం), కాలమానానికీ (వేర్వేరు చోట్లలోని గడియారాలను ఒకే లెక్కలో పెట్టే పద్ధతి) మధ్య ఉన్న తేడా తెలియాలి.

క్లుప్తంగా

సెకను అనే కొలమానం గడియారం ఎక్కడుంటే అక్కడే చెల్లుతుంది. ప్రతి గడియారానికీ తన దగ్గర సెకను సెకనే. దూరంగా ఉన్న రెండు గడియారాలను పోల్చినప్పుడు మాత్రమే సాపేక్షత (గడియారం వేగం దాని కదలికనూ గురుత్వాన్నీ బట్టి మారుతుందన్న ఐన్‌స్టీన్ సిద్ధాంతం) ప్రభావం బయటపడుతుంది. ఆ పోలికను అందరూ ఒకే తీరుగా చేసేందుకు శాస్త్రవేత్తలు కొన్ని కాలమానాలను ఒప్పందంగా పెట్టుకున్నారు. జీపీఎస్, భారత నావిగేషన్ వ్యవస్థ నావిక్, భారత ప్రామాణిక సమయం, రాబోయే చంద్ర కాలం అన్నీ ఆ ఒప్పందాల మీదే ఆధారపడతాయి. గడియారాలు ఇప్పుడు ఒక సెంటీమీటరు ఎత్తు తేడాను కూడా పసిగట్టే స్థాయికి చేరడంతో ఒప్పందాల్లోని సందిగ్ధాలను తేల్చుకోక తప్పడం లేదు.

ఆకాశంలోని సెకను పరమాణువుకు మారింది

చాలాకాలం పాటు సెకను అంటే సగటు రోజులో 86,400వ వంతు. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగం నిలకడగా లేదని తేలాక, 1956లో భూమి సూర్యుడి చుట్టూ తిరిగే గమనాన్ని ఆధారం చేసుకున్నారు. 1900 నాటి సాయన సంవత్సరాన్ని (రుతువుల చక్రం ఒకసారి పూర్తయ్యే కాలాన్ని) 31,556,925.9747 భాగాలు చేస్తే అందులో ఒక భాగం సెకను అయింది. అప్పటికే, 1955లో, బ్రిటన్ జాతీయ భౌతిక ప్రయోగశాలలో లూయీ ఎస్సెన్, జాక్ ప్యారీ సీజియం గడియారాన్ని నడిపి చూపించారు. 1967లో ప్రపంచ దేశాలు దాన్నే ప్రమాణంగా తీసుకున్నాయి. సీజియం-133 పరమాణువు రెండు నిర్దిష్ట శక్తి స్థాయుల మధ్య మారేటప్పుడు వెలువడే తరంగం 9,192,631,770 సార్లు కంపించడానికి పట్టే సమయం ఒక సెకను.

ఈ మార్పును మామూలుగా కచ్చితత్వం పెరిగిన కథగానే చెబుతారు. అంతకన్నా పెద్ద మార్పు ఇంకొకటి ఇందులో జరిగింది. గ్రహగతుల నుంచి తీసిన సెకను వెనక, సౌర కుటుంబం మొత్తానికీ ఒకే కాలం నడుస్తోందన్న ఊహ ఉంది. న్యూటన్ లెక్కల్లో కాలం అంతటా ఒక్కటే. సీజియం సెకనుకు ఆ ఊహ అక్కర్లేదు. అది ఒక పరమాణువు దగ్గర పుడుతుంది, ఆ పరమాణువు దగ్గరే చెల్లుతుంది. అంతర్జాతీయ తూనికలు, కొలతల బ్యూరో ప్రచురించే ప్రమాణ పత్రం సైతం సెకను 'సొంత కాలానికి' కొలమానమని చెబుతుంది. సొంత కాలమంటే గడియారం తానున్న చోట, తన కదలికలో తానుంటూ కొలిచే కాలం.

ఈ నిర్వచనాన్ని చంద్రుడి మీదికి తీసుకెళ్లినా ఒక్క అక్షరం మార్చాల్సిన పని లేదు. అక్కడి సీజియం పరమాణువు పక్కనే నిలబడి లెక్కపెట్టినా సెకనుకు కంపనాలు 9,192,631,770 మాత్రమే. ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. ఆ గడియారం టిక్కులను సిగ్నల్‌గా భూమికి పంపి, ఇక్కడి గడియారం పక్కన పెట్టినప్పుడు తేడా కనిపిస్తుంది.

తేడా ఎందుకు వస్తుంది

కారణాలు రెండు. మొదటిది 1905 నాటి విశేష సాపేక్షత చెప్పేది: వేగంగా కదిలే గడియారం, కదలని గడియారంతో పోలిస్తే నెమ్మదిగా నడిచినట్టు లెక్క తేలుతుంది. రెండోది 1915 నాటి సాధారణ సాపేక్షత చెప్పేది: గురుత్వాకర్షణ లోయలో ఎంత లోతున ఉంటే గడియారం అంత నెమ్మది, ఎంత ఎత్తున ఉంటే అంత వేగం. భూమి ఉపరితలం దగ్గర ఒక మీటరు పైకి వెళితే తేడా దాదాపు పదివేల లక్షల కోట్లలో ఒక వంతు. కిలోమీటరు ఎత్తుకు రోజుకు 9.4 నానోసెకన్లు. నానోసెకను అంటే సెకనులో వంద కోట్ల వంతు.

ఈ రెండూ ఒకదానికొకటి వ్యతిరేక దిశలో లాగుతాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. అక్కడ వేగానిదే పైచేయి, కాబట్టి గడియారం రోజుకు దాదాపు 25 మైక్రోసెకన్లు వెనకబడుతుంది. సుమారు 3,200 కిలోమీటర్ల ఎత్తులోని వృత్తాకార కక్ష్యలో రెండు ప్రభావాలూ సరిగ్గా కొట్టేసుకుంటాయి. ఆ పైన ఎత్తుదే పైచేయి, గడియారం ముందుకు పోతుంది.

ప్రయోగాలు దీన్ని ఎప్పుడో తేల్చేశాయి. 1960లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పౌండ్, రెబ్కా కేవలం 22.5 మీటర్ల ఎత్తు తేడాలో గురుత్వ ప్రభావాన్ని కొలిచారు. 1971 అక్టోబరులో జోసెఫ్ హఫేలే, రిచర్డ్ కీటింగ్ నాలుగు సీజియం గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో ప్రపంచం చుట్టూ తిప్పారు. తూర్పుగా వెళ్లినప్పుడు అవి సగటున 59 నానోసెకన్లు పోగొట్టుకున్నాయి, పడమరగా వెళ్లినప్పుడు 273 నానోసెకన్లు సంపాదించాయి. దిశను బట్టి అంత తేడా ఎందుకంటే భూమి తిరిగేది తూర్పుకే. తూర్పుగా ఎగిరే విమానం వేగం భూభ్రమణ వేగానికి కలుస్తుంది, పడమరగా ఎగిరేదాని వేగం అందులోంచి పోతుంది.

ఫోన్‌లోని మ్యాప్ దాకా

జీపీఎస్ శాటిలైట్లు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తులో, సెకనుకు 3.9 కిలోమీటర్ల వేగంతో తిరుగుతాయి. వేగం వల్ల వాటి గడియారాలు రోజుకు 7 మైక్రోసెకన్లు వెనకబడాలి, ఎత్తు వల్ల 45 మైక్రోసెకన్లకు పైగా ముందుకు పోవాలి. నికరంగా 38 మైక్రోసెకన్ల లాభం.

1977 జూన్‌లో ఎన్‌టీఎస్-2 అనే ప్రయోగాత్మక శాటిలైట్ సీజియం గడియారంతో కక్ష్యలోకి వెళ్లింది. సాపేక్షత ప్రభావం నిజంగా ఉంటుందా అని అప్పటికి కొందరికి అనుమానం. అందుకే సవరణ చేసే పరికరాన్ని అమర్చి, మొదట ఆపి ఉంచారు. అవసరమైతేనే ఆన్ చేయాలని ఏర్పాటు. దాదాపు 20 రోజులు గడియారాన్ని దాని మానాన వదిలేశారు. సిద్ధాంతం ప్రకారం లక్ష కోట్లకు 446.5 వంతుల తేడా రావాలి, వచ్చింది 442.5. ఆ తర్వాత సవరణ పరికరం ఆన్ చేశారు. ఇప్పుడు జీపీఎస్ గడియారాలకు నేల మీదే ఆ సవరణ ఇచ్చి పంపుతారు. 10.23 మెగాహెర్ట్జ్ ఉండాల్సిన పౌనఃపున్యాన్ని 10.22999999543 మెగాహెర్ట్జ్‌గా పెడతారు. కక్ష్యలోకి చేరాక భూమి నుంచి చూస్తే అది సరిగ్గా 10.23గా కనిపిస్తుంది.

సాపేక్షతను పట్టించుకోకపోతే మ్యాప్ రోజుకు 11 కిలోమీటర్లు తప్పు చూపిస్తుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. 38 మైక్రోసెకన్లలో కాంతి ప్రయాణించే దూరం 11 కిలోమీటర్లకు పైనే కాబట్టి ఆ అంకె వచ్చింది. అంకె నిజమే, దాన్నుంచి తీసిన నిర్ధారణ మాత్రం సరికాదు. ఫోన్ కనీసం నాలుగు శాటిలైట్ల సిగ్నళ్లు తీసుకుని, తన స్థానంతో పాటు తన గడియారం తప్పును కూడా లెక్కగట్టుకుంటుంది. శాటిలైట్లన్నింటికీ సమానంగా ఉన్న తప్పు చాలావరకు ఆ గడియారం లెక్కలోకి వెళ్లిపోతుంది, స్థానాన్ని అంతగా కదిలించదు. అసలు చిక్కు ఒక్కో శాటిలైట్‌కు ఒక్కోలా ఉండే తేడాలతో వస్తుంది. ఏ కక్ష్యా పూర్తి వృత్తం కాదు. శాటిలైట్ భూమికి కాస్త దగ్గరైనప్పుడు గడియారం నెమ్మదిస్తుంది, దూరమైనప్పుడు వేగం అందుకుంటుంది. జీపీఎస్‌లో ఈ హెచ్చుతగ్గులు పదుల నానోసెకన్ల దాకా ఉండొచ్చు. ఇవి ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. 20 నానోసెకన్లంటే 6 మీటర్లు, రోడ్డుకు ఈ పక్కనా ఆ పక్కనా అన్న తేడా. ఈ సవరణను రిసీవర్ లోపలి సాఫ్ట్‌వేర్ ఎప్పటికప్పుడు చేస్తుంది. పైగా 11 కిలోమీటర్ల కథ చెబితే జీపీఎస్ ఇచ్చేది స్థానం మాత్రమే అనిపిస్తుంది. టెలికాం టవర్లకూ, విద్యుత్ గ్రిడ్లకూ, బ్యాంకుల సర్వర్లకూ అది సమయాన్ని కూడా అందిస్తుంది. సవరణ లేకపోతే ఆ సమయం రోజుకు 38 మైక్రోసెకన్లు నేరుగా తప్పుతుంది.

ఒక ప్రమాదాన్ని శాస్త్రవేత్తలు అవకాశంగా మార్చుకున్న సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2014 ఆగస్టులో యూరప్‌కు చెందిన రెండు గెలీలియో శాటిలైట్లు పొరపాటున సాగిన కక్ష్యలోకి వెళ్లాయి. నావిగేషన్‌కు అవి అనుకున్నంతగా పనికిరాలేదు. రోజుకు రెండుసార్లు వేల కిలోమీటర్లు ఎత్తు మారే గడియారాలు దొరకడం మాత్రం భౌతికవేత్తలకు వరమైంది. ఆ సమాచారంతో గురుత్వ ప్రభావాన్ని, 1976లో రాకెట్‌లో గడియారం పంపి చేసిన ప్రయోగం కన్నా దాదాపు 5 రెట్లు కచ్చితంగా సరిచూసి 2018లో ఫలితాలు ప్రచురించారు.

శ్రీహరికోట నుంచి పైకెళ్లిన నావిక్ శాటిలైట్ల పరిస్థితి ఇంకాస్త వేరు. అవి భూమితో సమానంగా రోజుకొక్క చుట్టు తిరిగేలా సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. ఎత్తు ఎక్కువ, వేగం తక్కువ. కాబట్టి నికర తేడా జీపీఎస్ కన్నా ఎక్కువ, రోజుకు సుమారు 46.6 మైక్రోసెకన్లు. మొదటి తరం నావిక్ శాటిలైట్లలోని దిగుమతి రుబిడియం గడియారాలు చాలా వరకు చెడిపోయాయి. 2023 మే 29న ప్రయోగించిన ఎన్‌వీఎస్-01లో మొదటిసారి దేశీయంగా తయారైన రుబిడియం గడియారాన్ని పంపారు. దేశానికి సొంత నావిగేషన్ అంటే ముందుగా సొంత గడియారమే.

సముద్ర మట్టం ఎందుకు కావాల్సి వచ్చింది

ప్రతి గడియారానికీ సొంత కాలమే ఉంటే, ప్రపంచం మొత్తానికి ఒక సమయం ఎలా వస్తుంది? దాదాపు 80 ప్రయోగశాలల్లోని నాలుగు వందలకు పైగా పరమాణు గడియారాల సగటు నుంచి ప్యారిస్ పక్కనున్న సెవ్రలోని కొలతల బ్యూరో అంతర్జాతీయ పరమాణు కాలాన్ని లెక్కగడుతుంది. ఆ గడియారాలు ఒకే ఎత్తులో లేవు. అమెరికాలో బౌల్డర్ ప్రయోగశాల సముద్ర మట్టానికి సుమారు 1,650 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి గడియారం సముద్ర మట్టంలోని గడియారం కన్నా రోజుకు 15 నానోసెకన్లకు పైగా ముందుంటుంది.

1970లలో ఈ తేడాలు కొలతల్లో తేలిగ్గా కనిపించసాగాయి. 1977 జనవరి 1 నుంచి ప్రతి గడియారం ఎత్తునూ లెక్కలోకి తీసుకుని సవరించడం మొదలుపెట్టారు. ఆ రోజే ప్రపంచ పరమాణు కాలం వేగాన్ని లక్ష కోట్లలో ఒక వంతు తగ్గించారు. సెకను నిర్వచనంలో ఒక్క మాటా మారలేదు. ప్రపంచ గడియారం వేగం మాత్రం మారింది. కొలమానం వేరు, కాలమానం వేరు అనడానికి దీనికి మించిన రుజువు అక్కర్లేదు.

ఇక్కడ సముద్ర మట్టమంటే మామూలు అర్థం కాదు. అలలు, ప్రవాహాలు లేకుండా సముద్రం నిశ్చలంగా ఉంటే దాని నీటి మట్టం ఎలా ఉండేదో, దాన్ని ఖండాల కిందికి కూడా సాగదీస్తే వచ్చే ఊహాతలాన్ని జియాయిడ్ అంటారు. అది నున్నటి గోళం కాదు. శ్రీలంకకు దక్షిణాన హిందూ మహాసముద్రంలో అది లెక్కల్లోని ఆదర్శ భూరూపం కన్నా వంద మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అయినా ఆ గుంట అడుగున తేలే నావలోని గడియారమూ, విశాఖ తీరంలోని గడియారమూ ఒకే వేగంతో నడుస్తాయి. జియాయిడ్ మీద ఎక్కడైనా గురుత్వం, భూభ్రమణం రెండింటి మొత్తం ప్రభావం ఒక్కటే కాబట్టి.

1905 వ్యాసంలో ఐన్‌స్టీన్, భూమధ్యరేఖ దగ్గరి గడియారం ధ్రువం దగ్గరి గడియారం కన్నా నెమ్మదిగా నడుస్తుందని రాశాడు. భూమధ్యరేఖ సెకనుకు 465 మీటర్ల వేగంతో తిరుగుతోంది కాబట్టి, వేగం ఒక్కదాన్నే తీసుకుంటే రోజుకు 104 నానోసెకన్ల తేడా రావాలి. కానీ భూమి తిరిగే వేగానికే భూమధ్యరేఖ దగ్గర ఉబ్బి, ధ్రువాల కన్నా 21 కిలోమీటర్లు కేంద్రానికి దూరమైంది. ఎత్తు వల్ల వచ్చే లాభం వేగం వల్ల వచ్చే నష్టాన్ని పూర్తిగా పూడ్చేస్తుంది. గురుత్వానికీ కాలానికీ ఉన్న సంబంధం 1905 నాటికి ఐన్‌స్టీన్‌కే ఇంకా తెలియదు.

బెంగళూరు, భువనేశ్వర్ గడియారాలు

భారత ప్రామాణిక సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. దాన్ని దేశమంతటా కచ్చితంగా అందించేందుకు అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలోని ప్రాంతీయ ప్రమాణ ప్రయోగశాలల్లో పరమాణు గడియారాలు పెట్టే పథకం నడుస్తోంది. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది, భువనేశ్వర్ 45 మీటర్ల దగ్గర. ఈ రెండు చోట్లా లోపం లేని గడియారాలు పెట్టి వదిలేస్తే బెంగళూరుది రోజుకు 8 నానోసెకన్లు, ఏడాదికి దాదాపు 2.9 మైక్రోసెకన్లు ముందుకు పోతుంది. 5జీ టవర్ల గడియారాలేమో ప్రామాణిక సమయం నుంచి 1.5 మైక్రోసెకన్లకు మించి తప్పకూడదు. ఆచరణలో ఇది కనిపించదు, ఎందుకంటే గడియారాలను ఎప్పటికప్పుడు ఢిల్లీతో పోల్చి సరిదిద్దుతారు. మార్కెట్లో దొరికే సీజియం గడియారాల సొంత తప్పే దీనికన్నా ఎక్కువ ఉంటుంది కూడా. అయినా దేశం మొత్తానికి 'ఒకే సమయం' అన్నది ప్రకృతి ఇచ్చింది కాదని, సవరణలతో కట్టుకున్నదని ఈ లెక్క చూపిస్తుంది.

అప్పుడప్పుడూ కలిపే లీపు సెకన్లకూ దీనికీ సంబంధం లేదు. అవి భూభ్రమణంలోని హెచ్చుతగ్గుల కోసం పెట్టుకున్నవి. 1972 నుంచి 27 కలిపారు. 2035 నాటికి ఆ పద్ధతికి స్వస్తి చెప్పాలని 2022లో నిర్ణయించారు.

కాలమానం ఒక పటం లాంటిది

అంతరిక్షంలోకి వెళ్లాక సముద్ర మట్టం లెక్క చాలదు. అందుకే 1991లో అంతర్జాతీయ ఖగోళ సంఘం 'నిరూపక కాలాలు' నిర్వచించింది. పటం మీద అక్షాంశ, రేఖాంశాలు ఎలాంటివో ఇవీ అలాంటివే. భూమధ్యరేఖ మీద ఒక డిగ్రీ రేఖాంశం 111 కిలోమీటర్లు, హైదరాబాద్ అక్షాంశం దగ్గర 106. అంతమాత్రాన హైదరాబాద్‌లో కిలోమీటరు పెరగలేదు, తరగలేదు. పటంలోని గీతలకూ నేల మీది కొలతకూ మధ్య ఉన్న నిష్పత్తి చోటును బట్టి మారింది, అంతే. నిరూపక కాలానికీ, గడియారం చూపే సొంత కాలానికీ ఉన్న సంబంధం అచ్చం ఇదే.

భూకేంద్ర నిరూపక కాలంలో భూమి సొంత గురుత్వ ప్రభావం ఉండదు. అందుకే అది సముద్ర మట్టంలోని గడియారం కన్నా ఏడాదికి 22 మిల్లీసెకన్లు ముందుకు పోతుంది. సౌర కుటుంబం మొత్తానికి వాడే నిరూపక కాలమైతే ఏడాదికి దాదాపు అర సెకను. గ్రహాల మధ్య ప్రయాణించే నౌకల లెక్కకు రెండోది కావాలి, భూమి చుట్టూ తిరిగే శాటిలైట్లకు మొదటిది సరిపోతుంది. నేల మీది మనుషులకు రెండూ ఇబ్బందే. అందుకని భూకేంద్ర కాలాన్ని ఒక స్థిర సంఖ్యతో తగ్గించి, సముద్ర మట్టం గడియారాలతో కలిసి నడిచేలా 'భౌమ కాలం' తయారుచేశారు.

కొలమానాల అర్థం నిజంగా చిక్కుపడేది ఇక్కడే. కాలాన్ని ఒక సంఖ్యతో గుణిస్తే, కాంతి వేగం మారకుండా ఉండాలంటే దూరాలనూ అదే సంఖ్యతో గుణించాలి. భూమి ద్రవ్యరాశిని గురుత్వ స్థిరాంకంతో గుణిస్తే వచ్చే విలువ కూడా మారుతుంది. భూకేంద్ర కాలంతో వాడితే అది 3.986004418 అని మొదలవుతుంది, భౌమ కాలంతో వాడితే 3.986004415. భూమి బరువేమీ తగ్గలేదు. భూమి వ్యాసార్ధం లెక్కలో ఈ తేడా 4.4 మిల్లీమీటర్లు. తక్కువగానే అనిపిస్తుంది. కానీ సముద్రాలు పెరుగుతున్నది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పునే. ఏ పట్టిక ఏ కాలంతో తయారైందో చూడకుండా రెండింటిని కలిపేస్తే వచ్చే తప్పు, కొలవాలనుకున్న విషయమంత ఉంటుంది.

దీన్ని 'భౌమ సెకను', 'సౌర సెకను' అంటూ వేరువేరు కొలమానాలుగా చెప్పే అలవాటు ఖగోళ రచనల్లో ఉంది. ఆ అలవాటు మానుకోవడమే మేలు. సెకను ఒక్కటే. మారేది ఏ కాలమానంలో రాశామన్నది. అంకె పక్కన కాలమానం పేరు రాస్తే గందరగోళానికి తావుండదు. కొలమానాన్ని ముక్కలు చేస్తే మాత్రం గందరగోళం శాశ్వతమవుతుంది.

56, 58.7 మధ్య 2.7 ఎక్కడిది

ఇప్పుడు చంద్రుడి అంకెలు తేలిగ్గా విడిపోతాయి. చంద్రుడు భూమి గురుత్వ లోయకు చాలా పైన ఉన్నాడు కాబట్టి అక్కడి కాలం వేగంగా నడుస్తుంది. భూమి చుట్టూ తిరిగే వేగం అందులోంచి కొంత తగ్గిస్తుంది. చంద్రుడి సొంత గురుత్వాన్ని పక్కనపెట్టి లెక్కగడితే వచ్చేది రోజుకు 58.7 మైక్రోసెకన్లు. గడియారాన్ని నిజంగా చంద్రుడి నేల మీద పెడితే చంద్రుడి గురుత్వం దాన్ని రోజుకు 2.7 మైక్రోసెకన్లు నెమ్మదింపజేస్తుంది. మిగిలేది 56. ఒకటి చంద్రుడి నిరూపక కాలానికి సరిపోయే అంకె, ఇంకొకటి చంద్రుడి నేల మీది గడియారానికి.

2024 ఆగస్టులో కేప్ టౌన్ సమావేశంలో అంతర్జాతీయ ఖగోళ సంఘం చంద్రుడికి నిరూపక కాలాన్ని నిర్వచించింది. వాడుకలోకి రావాల్సిన చంద్ర కాలం దీన్నే ఉన్నదున్నట్టు తీసుకోవాలా, భూమికి చేసినట్టు ఒక సంఖ్యతో గుణించి చంద్రుడి నేలకు సరిపెట్టాలా, లేక భూమి కాలంతోనే కలిసి నడిచేలా చేయాలా అన్నది చర్చలో ఉన్న విషయం. గుణించకుండా వాడడమే మంచిదనడానికి బలమైన కారణముంది. చంద్రుడి మీద ఎత్తుపల్లాల తేడా పది కిలోమీటర్లకు మించి ఉంటుంది, సముద్రం లేదు, అందరూ ఉండే మట్టమంటూ ఏదీ లేదు. భూమి మీద గుణకం పెట్టుకున్నందుకే రెండు రకాల దూరాలు, రెండు రకాల స్థిరాంకాలు పుట్టాయి. చంద్రుడికొక గుణకం, అంగారకుడికొకటి అనుకుంటూ పోతే ప్రతి గ్రహానికీ అదే చిక్కు. చంద్రుడి మీది గడియారాలు భూమి నుంచి రోజుకు 56 మైక్రోసెకన్లు జరుగుతున్నా, ఆ తేడా తెలిసిన తేడా. సాఫ్ట్‌వేర్ దాన్ని సులువుగా సవరించగలదు.

మీటరు సంగతి

1889లో మీటరంటే ప్లాటినం, ఇరిడియం కలిపి చేసిన కడ్డీ మీది రెండు గీతల మధ్య దూరం. 1960లో క్రిప్టాన్ కాంతి తరంగం దాని చోటు తీసుకుంది. 1983 నుంచి కాంతి శూన్యంలో సెకనులో 299,792,458వ వంతు కాలంలో వెళ్లే దూరమే మీటరు. దీంతో మీటరు సెకను మీద ఆధారపడింది. 2019 మే 20 నుంచి కిలోగ్రాము కూడా అంతే. ఇప్పుడు ఏడు మూల ప్రమాణాల్లో సెకనుతో సంబంధం లేనిది పదార్థ పరిమాణాన్ని కొలిచే మోల్ ఒక్కటే. సెకను చోటుకు కట్టుబడినదైతే మిగతావీ అలాగే కట్టుబడతాయి. మీటరు నిర్వచనం, గురుత్వంలో హెచ్చుతగ్గులను పట్టించుకోనక్కర్లేనంత చిన్న పరిధిలోనే వర్తిస్తుందని కొలతల కమిటీ 2002లో స్పష్టం చేసింది.

సెంటీమీటరు దగ్గర వచ్చిన చిక్కు

సీజియం గడియారాల్లో మేటివి పదివేల లక్షల కోట్లలో ఒకటి రెండు వంతుల తప్పుతో నడుస్తాయి. అంటే సుమారు ఒక మీటరు ఎత్తు తేడాతో సమానం. స్ట్రాన్షియం వంటి మూలకాలతో నడిచే, కాంతి తరంగం కంపనాలను లెక్కపెట్టే కాంతి గడియారాలు వాటికన్నా వంద రెట్లు మెరుగు. 2010లో నిస్ట్ శాస్త్రవేత్తలు 33 సెంటీమీటర్ల ఎత్తు తేడాను గడియారాలతోనే పట్టుకున్నారు. 2020లో జపాన్ బృందం టోక్యో స్కైట్రీ టవర్‌లో 450 మీటర్ల ఎత్తున ఒకటి, అడుగున ఒకటి పెట్టి రోజుకు 4.26 నానోసెకన్ల తేడాను కొలిచింది. 2022లో బౌల్డర్ పరిశోధకులు ఒకే పరమాణు సమూహంలో పై అంచుకూ కింది అంచుకూ మధ్య, ఒక మిల్లీమీటరు ఎత్తులో, కాలం తేడాను చూశారు.

సెకనును ఈ కాంతి గడియారాలతో మళ్లీ నిర్వచించాలన్నది ప్రపంచ దేశాల ఆలోచన. 2030లో నిర్ణయం తీసుకోవచ్చని 2022 నాటి తీర్మానం దారి చూపింది. నిర్వచనం మార్చడం కష్టం కాదు. ఆ సెకన్లను కూర్చి ప్రపంచ కాలం నడపాలంటే మాత్రం ప్రతి గడియారం దగ్గరి గురుత్వ స్థాయి ఒక సెంటీమీటరు కచ్చితత్వంతో తెలియాలి. చంద్రుడి ఆకర్షణకు సముద్రమే కాదు, గట్టి నేల కూడా రోజుకు రెండుసార్లు పదుల సెంటీమీటర్లు పైకీ కిందికీ కదులుతుంది. ఖండాల మధ్య సర్వే లెక్కలు అంత కచ్చితంగా పొసగవు.

ఈ కష్టాన్ని ముందే ఊహించి 2000లో ఖగోళ సంఘం భౌమ కాలాన్ని సముద్రం నుంచి విడదీసింది. ఇప్పుడు భూకేంద్ర కాలం నుంచి దాని వేగంలో తేడా ఒక స్థిర సంఖ్య: 6.969290134ను వెయ్యి కోట్లతో భాగిస్తే వచ్చేది. సముద్రం మీటరు పెరిగినా ప్రపంచ కాలం వేగం మారదు. 2018లో కొలతల మహాసభ అంతర్జాతీయ పరమాణు కాలాన్ని కూడా ఇదే భౌమ కాలానికి కట్టింది. అయితే సర్వే శాస్త్రవేత్తలు 2015లో ఎత్తులు కొలిచేందుకు తమ మూల మట్టాన్ని వేరుగా నిర్ణయించుకున్నారు. ఈ రెండింటి మధ్య తేడా 26 సెంటీమీటర్లు. సీజియం గడియారాలకు అది కనిపించని తేడా, కాంతి గడియారాలకు తమ తప్పు కన్నా పాతిక రెట్లకు పైగా పెద్దది. కొత్త సెకను వచ్చేలోపు, గడియారం ఎత్తును ఏ మట్టం నుంచి కొలిచారో ప్రతి ప్రయోగశాలా తన సమాచారంలో స్పష్టంగా రాయాల్సి ఉంటుంది.